చిన్న ఎన్నికలని చిన్నచూపు తగదు

2025 నవంబర్ 5వ తేదీ ఉదయం అల్పాహారం వేళకే మా ఫోన్ మోగడం మొదలైంది. న్యూయార్క్ నగర మేయర్‌గా జొహ్రాన్ మమ్దానీ గెలిచారని ఒకరు, వర్జీనియా రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా మన హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హాష్మీ గెలిచారని మరొకరు సంతోషంతో చెప్పారు. వాట్సాప్‌లో మిఠాయిల బొమ్మలు, అభినందన సందేశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. మలక్‌పేటలో బాల్యపు తొలి రోజులు గడిపిన ఆడబిడ్డ అమెరికాలో ఒక రాష్ట్రానికి రెండో స్థానపు పదవిని గెలుచుకున్నదంటే ఆ మాత్రం సంతోషం సహజమే. మేమూ సంతోషించాము. అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాము.

అయితే అదే వారంలో, మన నగరంలోని జూబ్లీహిల్స్‌లో ఉప ఎన్నిక ప్రచారం జరుగుతున్నది. మిఠాయి బొమ్మ పంపిన మిత్రుని ఓటు అక్కడే ఉన్నది కనుక, 11వ తేదీన వెళ్తున్నారా అని అడిగాము. "ఒక్క సీటు ఎన్నికే కదా భాయ్, ప్రభుత్వమేమైనా మారుతుందా" అని ఆయన తేలిగ్గా బదులిచ్చారు. వేల కిలోమీటర్ల అవతల జరిగిన ఎన్నికకు పండుగ చేసుకున్న మనిషికి, ఇంటి వీధి చివర జరిగే ఎన్నిక లెక్కలోకి రాలేదు. ఈ సంపాదకీయం రాయడానికి ఆ ఒక్క మాటే కారణం. ఎందుకంటే, ఆయన అంతగా సంబరపడిన ఆ అమెరికా ఎన్నికలు కూడా చిన్న ఎన్నికలే. వాటితో దేశాధ్యక్షుడు మారలేదు, పార్లమెంటు మారలేదు.

ఆఫ్ ఇయర్ అంటే

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు నాలుగేళ్లకొకసారి, ప్రతినిధుల సభ ఎన్నికలు రెండేళ్లకొకసారి సరిసంఖ్య సంవత్సరాలలో జరుగుతాయి. ఆ రెండూ లేని బేసిసంఖ్య సంవత్సరాలను అక్కడివారు ఆఫ్ ఇయర్ అంటారు. వర్జీనియా, న్యూజెర్సీ రాష్ట్రాలు తమ గవర్నర్లను అధ్యక్ష ఎన్నికల మరుసటి ఏడాది ఎన్నుకుంటాయి. న్యూయార్క్ సహా అనేక నగరాల మేయర్ల ఎన్నికలూ అప్పుడే. నగర వ్యవహారాలు దేశ రాజకీయాల హోరులో కొట్టుకుపోకూడదనే ఉద్దేశంతో న్యూయార్క్ రాష్ట్రం 1894 నాటి రాజ్యాంగంలోనే నగర ఎన్నికలను బేసి సంవత్సరాలకు మార్చుకున్నది.

ఉద్దేశం మంచిదే. కానీ హోరు తగ్గితే ఓటరు కూడా తగ్గుతాడు. 2021లో న్యూయార్క్ మేయర్ ఎన్నికలో నమోదైన ఓటర్లలో నాలుగో వంతు మంది కూడా ఓటు వేయలేదు. ఓటర్లు తగ్గిన చోట ఒక్కొక్క ఓటు బరువు పెరుగుతుంది. సంఖ్యలో తక్కువగా ఉన్న సముదాయాలు శ్రద్ధగా గుర్తుపెట్టుకోవలసిన సూత్రమిది. పెద్ద ఎన్నికల వరదలో మన ఓటు ఒక చెంబెడు నీరు. చిన్న ఎన్నికల కాలువలో అదే చెంబెడు నీరు మడి తడుపుతుంది.

దీనికి వర్జీనియాలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 2017 ఆఫ్ ఇయర్ ఎన్నికల్లో ఆ రాష్ట్ర దిగువ సభకు చెందిన 94వ నియోజకవర్గంలో డెమొక్రాట్ అభ్యర్థి షెల్లీ సైమండ్స్‌కు, రిపబ్లికన్ అభ్యర్థి డేవిడ్ యాన్సీకి తిరిగి లెక్కించిన తరువాత సరిసమానంగా 11,608 ఓట్లు చొప్పున తేలాయి. 2018 జనవరి 4న ఇద్దరి పేర్లనూ చీటీలపై రాసి, ఒక గిన్నెలో వేసి, ఒకటి తీశారు. యాన్సీ పేరు వచ్చింది. ఆ ఒక్క చీటీతో నూరుమంది సభలో రిపబ్లికన్ల ఆధిక్యం 51–49గా నిలిచింది. చీటీ మరో పేరుతో వచ్చి ఉంటే సభ సరిగ్గా సగానికి చీలేది. ఆ రోజు ఇంట్లో కూర్చున్న ఒక్క ఓటరు లేచి వెళ్లి ఉంటే గిన్నెతోనే పని ఉండేది కాదు.

అక్కడితో కథ ముగియలేదు. అదే ఎన్నికలో డెమొక్రాట్లు ఒక్కసారిగా 15 స్థానాలు పెంచుకున్నారు. సంవత్సరాలుగా పేదల వైద్య బీమా విస్తరణను అడ్డుకుంటూ వచ్చిన సభ, ఓటరు మనసు తెలుసుకుని 2018లో దానికి ఆమోదం తెలిపింది. 2019 జనవరి 1 నుంచి అమలైన ఆ విస్తరణతో సుమారు నాలుగు లక్షల మందికి వైద్య బీమా అందుబాటులోకి వస్తుందని అంచనా వేశారు. ప్రధాన స్రవంతి పత్రికలు మొదటి పేజీలో పెట్టని ఎన్నిక ఒకటి అన్ని కుటుంబాలకు ఆసుపత్రి తలుపు తెరిచింది.

మలక్‌పేట నుంచి రిచ్‌మండ్ దాకా

గజాలా హాష్మీ 1964లో హైదరాబాద్‌లో పుట్టారు. మలక్‌పేటలో తల్లి పుట్టింట పసితనం గడిచింది. నాలుగేళ్ల వయసులో తల్లితో, అన్నతో కలిసి అమెరికా వెళ్లి, జార్జియా రాష్ట్రంలో విశ్వవిద్యాలయ అధ్యాపకునిగా స్థిరపడుతున్న తండ్రిని చేరుకున్నారు. అమెరికన్ సాహిత్యంలో ఎమొరీ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, వర్జీనియాలో దాదాపు మూడు దశాబ్దాలు కళాశాలలో పాఠాలు చెప్పారు. అంతవరకు ఆమె రాజకీయాల జోలికి పోయినవారు కారు.

2017 జనవరి 27న అధ్యక్షుడు ట్రంప్ ఏడు ముస్లిం దేశాల పౌరుల రాకను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఈ దేశంలో నా స్థానం ఏమిటి అనే ప్రశ్న తనను ఆనాడు కదిలించిందని ఆమె తరువాత పలుమార్లు చెప్పారు. ఆ ప్రశ్నకు ఆమె వెతుక్కున్న జవాబును మన పిల్లలు గమనించాలి. ఆమె దేశం వదలి పోలేదు. ఇంట్లో తలుపు వేసుకుని కూర్చోలేదు. 2019లో, అంటే మరొక ఆఫ్ ఇయర్‌లో, రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేసి, రిపబ్లికన్ల చేతిలో ఉన్న స్థానాన్ని గెలుచుకున్నారు. వర్జీనియా సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి ముస్లిం మహిళ అయ్యారు. ఆ ఎన్నికతోనే రెండు సభలూ డెమొక్రాట్ల వశమయ్యాయి. ఆరేళ్లు శాసనసభలో విద్య, ఆరోగ్యం మీద పనిచేసి, 2025 నవంబర్ 4న రాష్ట్రమంతటి ఓటుతో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. అమెరికాలో ఒక రాష్ట్ర స్థాయి పదవికి ఎన్నికైన మొదటి ముస్లిం మహిళ ఆమె. నలభై మంది సెనేట్‌కు అధ్యక్షత వహించి, ఓట్లు సమానమైనప్పుడు నిర్ణాయక ఓటు వేసే అధికారం ఇకపై ఆమెది.

ఆమె నడిచిన మెట్లు చూడండి. వీధి, నియోజకవర్గం, ఆ తరువాత రాష్ట్రం. ప్రతి మెట్టూ ఎవరూ పెద్దగా పట్టించుకోని సంవత్సరంలో ఎక్కినదే. ఒక్కసారిగా పెద్ద పదవి ఎవరో తెచ్చి చేతిలో పెట్టలేదు. "ముస్లింలకు ఇంత వాటా ఇవ్వండి" అని వినతిపత్రం పట్టుకుని నిలబడి సంపాదించుకున్నదీ కాదు.

అద్దెలు, బస్సులు, పసిబిడ్డలు

న్యూయార్క్ సంగతి మరికొంత వివరంగా చెప్పుకోవాలి. మమ్దానీ 1991లో ఉగాండా రాజధాని కంపాలాలో పుట్టారు. తండ్రి పేరొందిన పండితుడు మహమూద్ మమ్దానీ, తల్లి సినీ దర్శకురాలు మీరా నాయర్. అమెరికా పౌరసత్వం వచ్చింది 2018లో. ఎన్నికకు ఏడాది ముందు వరకు ఆయన పేరు నగరంలో చాలామందికి తెలియదు. జూన్‌లో జరిగిన పార్టీ ప్రాథమిక ఎన్నికలో మాజీ గవర్నర్ ఆండ్రూ కువోమోను ఓడించారు. నవంబర్‌లో స్వతంత్రునిగా నిలిచిన అదే కువోమోను మళ్లీ ఓడించారు. ఇరవై లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి. మేయర్ ఎన్నికలో అంతమంది ఓటు వేయడం 1969 తరువాత ఇదే మొదటిసారి. అందులో పది లక్షలకు పైగా ఆయనకే పడ్డాయి.

ఎనభై లక్షలకు పైగా జనాభా ఉన్న నగరంలో ముస్లింలు పది లక్షల వరకు ఉంటారని అంచనా. ఆ మొత్తం నుంచి పిల్లలను, పౌరసత్వం లేనివారిని తీసివేస్తే మిగిలే ఓట్లతో ఎవరూ మేయర్ కాలేరు. మరి ఆయన ఏమి అడిగారు? నియంత్రణలో ఉన్న ఇళ్ల అద్దెలు పెంచకూడదన్నారు. సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కావాలన్నారు. పసిబిడ్డల సంరక్షణ ఖర్చు నగరమే భరించాలన్నారు. సరుకులు చవకగా అమ్మే నగరపాలక దుకాణాలు తెరవాలన్నారు. అద్దె కట్టలేని బాధకు మతం లేదు. అందుకే ఆ మాటలు అన్ని ఇళ్లలోకీ వెళ్లాయి. హిందీ–ఉర్దూ, బంగ్లా, స్పానిష్, అరబీ భాషల్లో వీడియోలు చేసి, ఎవరి భాషలో వారితో మాట్లాడారు. 2021లో అప్పుల పాలైన టాక్సీ డ్రైవర్ల కోసం వారితోపాటు పదిహేను రోజులు నిరాహార దీక్ష చేసిన మనిషి గనుక, ఆ మాటలను జనం నమ్మారు. సేవ ముందు జరిగింది, ఓటు అడగడం తరువాత జరిగింది.

అలాగని ఆయన తన మతాన్ని దాచుకోలేదు. ఆయనను ఉగ్రవాద సానుభూతిపరుడన్నారు, పౌరసత్వం రద్దు చేసి దేశం నుంచి పంపివేయాలన్నారు. ఆయన గెలిస్తే నగరానికి కేంద్ర నిధులు ఆపివేస్తానని సాక్షాత్తూ దేశాధ్యక్షుడే బెదిరించారు. ఎన్నికలకు పదకొండు రోజుల ముందు బ్రాంక్స్‌లోని ఒక మసీదు ఎదుట నిలబడి, 2001 సెప్టెంబర్ 11 తరువాత హిజాబ్‌తో రైలెక్కడానికి భయపడిన తమ బంధువు ఒకామె గురించి ఆయన గద్గద స్వరంతో మాట్లాడారు. నీడల్లో నుంచి బయటికి వస్తున్నానన్నారు. ముస్లింగా ఉంటూనే అందరి బాధా మాట్లాడవచ్చునని, అందరి బాధా మాట్లాడడానికి ముస్లిం కాకుండా పోనవసరం లేదని ఆ ప్రచారం చూపింది.

బెదిరించిన అధ్యక్షుడే నవంబర్ 21న శ్వేత సౌధంలో ఆయనను పక్కన నిలబెట్టుకుని నవ్వుతూ విలేకరులతో మాట్లాడారు. ఇందులో ప్రేమేమీ లేదు. పది లక్షల ఓట్ల మీద ఉన్న గౌరవమది. అధికారానికి అర్థమయ్యే భాష ఏదో ఆ ఒక్క ఫొటో చెబుతున్నది.

అతిగా ఊహించవద్దు

ఇంత చెప్పిన తరువాత, ఒక హెచ్చరిక కూడా చేయడం మా బాధ్యత. ఈ ఫలితాలతో అమెరికాలో గాలి పూర్తిగా మారిపోయిందని సంబరపడేవారు కొంచెం ఆగాలి. వర్జీనియా గవర్నర్ ఎన్నికలో అధ్యక్షుని పార్టీ ఓడిపోవడం 1977 నుంచి, ఒక్క 2013ను మినహాయిస్తే, ప్రతిసారీ జరుగుతున్నదే. ఈసారి అబిగైల్ స్పాన్‌బెర్గర్ ఆ రాష్ట్రపు తొలి మహిళా గవర్నర్‌గా గెలవడంలోనూ, న్యూజెర్సీలో మికీ షెరిల్ గెలుపులోనూ ఆ ఆనవాయితీ పాలు కొంత ఉన్నది. ధరల మంట, అక్టోబర్ 1 నుంచి స్తంభించిన కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు, జీతాలు అందని ఉద్యోగుల ఆగ్రహం కూడా తోడయ్యాయి. ప్రభుత్వోద్యోగులు అధికంగా నివసించే ఉత్తర వర్జీనియాలో ఆ ఆగ్రహం ఎలా ఉంటుందో, జీతం మీదే బతికిన మాబోటివారికి విడమరచి చెప్పనక్కరలేదు.

అంతేకాదు. ఇది "ముస్లింల విజయం" అని మనం చాటుకోవడం ఆ విజయానికే అన్యాయం. ఆ ఇద్దరికీ ఓటు వేసినవారిలో అత్యధికులు క్రైస్తవులు, యూదులు, హిందువులు, ఏ మతమూ లేనివారు. మతం చూసి ఓటు వేయవద్దని ఇక్కడ మెజారిటీ సోదరులను వేడుకునే మనం, మతం చూసి విజయాన్ని లెక్కగడితే మాటకూ చేతకూ పొంతన ఉండదు. గెలిచినవారు చెప్పింది చేస్తారా అన్నది ఇకముందు చూడవలసిన సంగతి. 2026 జనవరి 1న పదవి చేపట్టిన మేయర్‌కు అద్దెల మీద, బస్సుల మీద ఇచ్చిన మాటే గీటురాయి. ఆయన పేరు కాదు.

ఇక మన గడప దగ్గర

ఇప్పుడు జూబ్లీహిల్స్‌కు వద్దాము. 2023 శాసనసభ ఎన్నికల్లో తెలంగాణలో కాంగ్రెస్ పక్షాన పోటీ చేసిన ముస్లిం అభ్యర్థులెవరూ గెలవలేదు. ఆ డిసెంబర్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో దాదాపు రెండేళ్లపాటు ఒక్క ముస్లిం మంత్రీ లేరు. సభలు జరిపాము, వినతిపత్రాలు ఇచ్చాము. ఆ కాగితాలు ఏ ఫైలులో చేరాయో తెలియదు. జూబ్లీహిల్స్ శాసనసభ్యుని మరణంతో ఉప ఎన్నిక వచ్చింది. అక్కడ ముస్లిం ఓటర్ల సంఖ్య గణనీయం. అక్టోబర్ 31న మహమ్మద్ అజహరుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన ఉభయ సభల్లో దేనిలోనూ సభ్యులు కారు. నవంబర్ 11న పోలింగ్ జరిగింది. మధ్య దూరం పదకొండు రోజులు. కాంగ్రెస్ అభ్యర్థి ఇరవై నాలుగు వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు.

దీనిని ఎలా అర్థం చేసుకోవాలి? రెండేళ్ల విజ్ఞప్తులు చేయలేని పనిని ఒక్క నియోజకవర్గపు ఉప ఎన్నిక చేసింది. చిన్న ఎన్నిక శక్తికి మన కళ్లెదుటి రుజువు ఇది. అయితే ఎన్నిక ముంగిట వచ్చినది ఎన్నిక తరువాత ఏమవుతుందో కాపలా కాయవలసినది కూడా మనమే. మంత్రి పదవి ఒకరికి లభించడం గౌరవమే. అదే నవంబర్ మొదటి వారంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. ఆ బకాయిల కారణంగా సర్టిఫికెట్లు చేతికి రాక తిరిగే పిల్లల్లో మన పిల్లలు ఎందరో ఉన్నారు. కుర్చీని చూసి ఈ బకాయిని మరచిపోతే, మన ఓటుకు ధర మనమే తక్కువ కట్టినవాళ్లమవుతాము.

మరొక చేదు నిజం. అంత హోరాహోరీగా ప్రచారం సాగిన ఆ ఉప ఎన్నికలో ఓటర్లలో సగం మంది కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. 2020 డిసెంబర్‌లో జరిగిన హైదరాబాద్ మహానగరపాలక ఎన్నికల్లోనూ ఇదే తీరు. న్యూయార్క్‌కు పంపిన మిఠాయి బొమ్మల్లో ఎన్ని ఈ రాని సగం మంది ఫోన్ల నుంచి వెళ్లాయో ఎవరి మనస్సాక్షికి వారే చెప్పుకోవాలి.

2025 డిసెంబర్‌లో తెలంగాణలో మూడు విడతలుగా గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగాయి. డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో పోలింగ్. పన్నెండు వేలకు పైగా పంచాయతీలు. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఆరంభంలోనే ముగిసింది. దాదాపు రెండేళ్లు ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎన్నికైన పంచాయతీలు, పురపాలక సంఘాల గడువు కూడా 2026 వరకే. అంటే 2026 రెండు రాష్ట్రాలకూ చిన్న ఎన్నికల ఏడాది.

పంచాయతీకి ఏముంది అనేవారికి మా అనుభవం నుంచి ఒక మాట. పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఇచ్చేది పంచాయతీ, పురపాలక సంఘం. ఆ ఒక్క కాగితం లేక ఇవాళ ఎందరు పౌరులు తమ సొంత దేశంలో తమను తాము రుజువు చేసుకోలేక తల్లడిల్లుతున్నారో మనకు తెలియనిది కాదు. ఖబరస్తాన్‌కు దారి, దానికి దీపం, వానాకాలంలో జనాజా మోసుకుపోయే బాటలో మురుగునీరు నిలవకుండా కాలువ, బస్తీకి మంచినీటి గొట్టం, వక్ఫ్ స్థలం మీద ఎవరైనా కట్టడం మొదలుపెడితే అనుమతి ఇవ్వడమో నిరాకరించడమో, ఇవన్నీ ఢిల్లీలో తేలే సంగతులు కావు. మన ఇంటికి నాలుగు అడుగుల దూరంలోని గదిలో తేలుతాయి. ఆ గదిలో మన గొంతు ఉండదు. ఢిల్లీలో అన్యాయం జరిగిందని మాత్రం బిగ్గరగా అరుస్తాము.

మేము గుమాస్తాగా ఉద్యోగం చేసిన కాలంలో ఎన్నో ఎన్నికలకు పోలింగ్ విధులు నిర్వర్తించాము. ఒక పంచాయతీ ఎన్నికలో జరిగినది ఇప్పటికీ మరపునకు రాదు. ఆ వార్డులో మన ఇళ్లు ఇరవై దాకా ఉన్నాయి. మనవాడే ఒక యువకుడు, టైలరింగ్ పనిచేసేవాడు, వార్డు సభ్యత్వానికి నిలబడ్డాడు. మధ్యాహ్నం లెక్కింపులో మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఓటర్ల జాబితాలో గుర్తు పడని పేర్లు మన బస్తీవే పదకొండు కనిపించాయి. వాకబు చేస్తే, ఆ కుటుంబాలు పక్క మండలంలో వలీమా విందుకు వెళ్లాయని తెలిసింది. విందు రాత్రికి. ఉదయం ఏడు గంటలకు ఓటు వేసి బయలుదేరినా ముందుగానే చేరుకునేవారు. ఆ ఐదేళ్లూ బస్తీలో వీధిదీపం కోసం వారే మా వద్దకు వచ్చి అర్జీలు రాయించుకున్నారు. రాసి ఇచ్చాము. కానీ ఆ అర్జీ రాసిన ప్రతిసారీ ఆ మూడు ఓట్లే గుర్తుకు వచ్చేవి.

మన ఇంటి లోపాలు

ఇతరులను ప్రశ్నించే హక్కు నిలబడాలంటే మన లోపాలనూ ఒప్పుకోవాలి.

మొదటిది, ఏకగ్రీవం పేరిట జరిగే బేరాలు. గుడికో బడికో ఇంత సొమ్ము ఇస్తానన్న ఆసామికి పదవి కట్టబెట్టే పంచాయితీలో మన పెద్దలు ఇద్దరు ముగ్గురు కూర్చుని తల ఊపి వస్తారు. మసీదు ప్రహరీకి సిమెంటు బస్తాలు ఇస్తామన్నారని బస్తీ ఓట్లన్నీ అప్పగించి వస్తారు. మసీదు మనం కష్టపడి కట్టుకోగలము. ఓటును అమ్మి కట్టిన గోడకు నీడ ఉండదు. ఓటు ఒక సాక్ష్యమని, యోగ్యుడు కానివాడికి ఓటు వేయడం అబద్ధపు సాక్ష్యం వంటిదని మన ఉలమా చెబుతూ వచ్చారు. సాక్ష్యానికి సిమెంటు ధర కట్టడం ఏ ధర్మం?

రెండోది, మన ఆడపిల్లల సంగతి. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. మహిళా స్థానం రాగానే భార్య పేరుతో నామినేషన్ వేసి, గెలిచిన మరునాటి నుంచి భర్త కుర్చీలో కూర్చునే తంతు అన్ని సముదాయాల్లోనూ ఉన్నది. మనలోనూ ఉన్నది. గజాలా హాష్మీ ఫొటోను గర్వంగా పంచుకున్న తండ్రులారా, డిగ్రీ చదివిన మీ అమ్మాయి వార్డు సభ్యురాలిగా నిలబడతానంటే ఏమంటారు? ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని సందేహిస్తారా? మలక్‌పేట ఆడబిడ్డ మలక్‌పేటలోనే ఉండిపోయి ఉంటే ఆమెకు మనం వార్డు టికెట్ అయినా ఇప్పించి ఉండేవాళ్లమా? ఈ ప్రశ్న మమ్మల్ని మేము కూడా వేసుకున్నాము. జవాబు సులువుగా రాలేదు.

మూడోది, మన ఓటు మన జేబులోనే ఉందన్న ధీమాను పార్టీలకు మనమే కలిగించడం. భయపెట్టి ఒకరు, భయం చూపించి మరొకరు మన ఓటును వాడుకుంటున్నారు. ఎవరు గెలవకూడదో మనకు బాగా తెలుసు. ఎవరు ఏమి చేయాలో అడగడం మాత్రం మరచిపోయాము.

చేయవలసిన పని

అన్నిటికంటే ముందు ఓటర్ల జాబితా. బీహార్‌లో 2025లో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణలో ముసాయిదా జాబితా వెలువడేసరికి సుమారు 65 లక్షల పేర్లు కనిపించకుండా పోయాయి. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. రెండో విడతగా 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఆ సవరణ జరిగింది. మన రెండు రాష్ట్రాలు ఆ విడతలో లేవు. లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండడం తెలివి కాదు. వాన వచ్చాక గొడుగు కుట్టించుకునేవారు తడవక తప్పదు.

అందువల్ల ప్రతి మసీదు కమిటీ, ప్రతి యువజన సంఘం ఒక పని చేయాలని కోరుతున్నాము. జుమా తరువాత ఒక గంట కేటాయించండి. మీ పోలింగ్ కేంద్రం జాబితాను తెచ్చి, ఇంటింటి పేర్లు సరిచూడండి. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల పేర్లు లేకపోతే ఫారం 6, పేరులో తప్పు ఉన్నా ఇల్లు మారినా ఫారం 8 నింపించండి. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. కనుక వచ్చే ఏడాది చూద్దాములే అనే సాకు లేదు. ఆధార్‌లో ఒక పేరు, ఓటరు కార్డులో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో మరొక పేరు ఉండడం మన ఇళ్లలో సర్వసాధారణం. షేక్ ముందా వెనుకా, బీ ఉందా బేగం ఉందా అన్న తేడాలే రేపు పెద్ద చిక్కులవుతాయి. ఇవాళే సరిచేసుకోండి. ఇస్లామీ పేర్ల వర్ణక్రమం తెలిసిన విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారి సాయంకాలాలను ఈ పనికి అడగండి. కాదనరు.

రెండో పని, అభ్యర్థులను ప్రశ్నించడం. మీ వార్డుకు కావలసిన ఐదు పనులు ఒక కాగితం మీద రాయండి. అందులో కనీసం మూడు, పక్కవీధి దళిత సోదరునికీ ఎదురింటి బీసీ సోదరునికీ కూడా ఉపయోగపడేవిగా ఉండాలి. న్యూయార్క్ నేర్పిన పాఠం అదే. మన బాధను మాత్రమే చెప్పుకుంటే మన ఓట్లు మాత్రమే వస్తాయి. మురుగుకాలువ అందరి గడప ముందు నుంచీ పోతుంది.

మూడో పని, ఓడిపోవడానికి సిద్ధపడడం. హాష్మీకి గెలుపు త్వరగానే దక్కింది. అందరికీ అలా దక్కదు. గిన్నెలో చీటీతో ఓడిన షెల్లీ సైమండ్స్ ఇంటికి పోయి కూర్చోలేదు. రెండేళ్లకు, 2019లో, అదే స్థానానికి మళ్లీ నిలబడి గెలిచారు. ఎన్నికల్లో ఓడిపోయే మన యువకులకు, యువతులకు సముదాయం అండగా నిలవాలి. ఓడినవారిని గేలి చేసే అలవాటు మానుకోవాలి.

ఆ రోజు "ఒక్క సీటే కదా" అన్న మిత్రునికి ఈ సంచిక ప్రతిని మేమే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాము. ఆయనకు పంచాయతీ ఓటు లేదు. కానీ నగరపాలక సంస్థ ఎన్నిక వచ్చినప్పుడు ఓటు ఉంటుంది. అప్పటికి ఆయన ఇంట్లో ఐదుగురి పేర్లూ జాబితాలో సక్రమంగా ఉన్నాయో లేదో ఆ పూటే కలిసి చూసుకుంటాము, ఇన్షా అల్లాహ్. ఇది చదివినవారు తలా ఒక ఇంటికి వెళ్లి ఆ పని చేయగలిగితే, ఈ నాలుగు పేజీలు రాసినందుకు మాకు అంతకన్నా కావలసినది లేదు.